మూడొందల డాలర్లలో

బల్లరాట్‌లో జూలై.
హీటరు వేస్తే కరెంటు బిల్లు,
వెయ్యకపోతే వేళ్ళు కొంకర్లు.
నా పాత కంప్యూటరుకి మాత్రం చలి లేదు,
వీడియో తెరిస్తే చాలు ఒళ్ళు కాలిపోతుంది.

నోరీన్ గారు కెమెరా ముందు కూచుని
"వర్షం" అని వేళ్ళు కిందికి రాల్చారు.
నా తెర మీద వర్షం
ఆకాశంలోనే ఆగిపోయింది.
మళ్ళీ కదిలేసరికి ఆవిడ గొడుగు దగ్గరున్నారు.

పుట్టుకతోనే వినపడదు ఆవిడకి.
డెబ్భై ఒకటో ఏట చేతుల భాషకి పాఠాలు మొదలెట్టారు,
అతుకులు వెయ్యడం నా వంతు.
నోటి మాటలో అక్షరం మింగితే
చెవి తనే పూరించుకుంటుంది.
చేతి మాటలో నాలుగు ఫ్రేములు పోతే
మాటే పోతుంది.
కాలు జారితే తీసుకోవచ్చు,
నోరు జారితే తీసుకోలేమంటారు.
ఫ్రేము జారితే ఏమంటారో
ఇంకా సామెత పుట్టలేదు.

ఊహ మీద కత్తెర వేశాను.
"నా మాటకి మెడ కోశావు"
అని రాసి పంపారు,
పక్కన నవ్వే బొమ్మ పెట్టి.
ఆ నవ్వే గుచ్చుకుంది.

ఆస్పత్రి లాండ్రీలో ఆరు ఆదివారాల ఓవర్‌టైము:
మూడొందల డాలర్లు.
కార్డుల పేర్లన్నీ లారీల నంబరు ప్లేట్లలా ఉన్నాయి.
ఎనిమిది జీబీనా, పన్నెండా?
డబ్బా మీద కవచం తొడుక్కున్న యోధుడు,
మూడు ఫ్యాన్లు, పెళ్ళి పందిరంత లైట్లు.
నాకు యుద్ధం వద్దు నాయనా,
ఒక ముసలావిడ చూపుడు వేలు
తడబడకుండా కదిలితే చాలు.

సెబాస్టపోల్‌లో ఒక గ్యారేజీలో
డెక్లన్ అనే కుర్రాడు పన్నెండు జీబీది చూపించాడు.
రెండొందల ఇరవై. చవకే.
"రెండేళ్ళు నాణేలు తవ్వింది" అన్నాడు,
అబద్ధం చెప్పడం రాదనుకుంటా.
ఫ్యాను తిప్పితే ఆస్తమా మనిషిలా ఊపిరి తీసింది.
ఈ ఊరూ బంగారం తవ్విన ఊరే.
తవ్వగా మిగిలిన గుంటల పైనే
ఇప్పుడు మా అద్దె గది, మా బస్‌స్టాపు.
అలిసిన దాన్ని చూస్తే జాలేసింది,
కొనేద్దామనే అనిపించింది.

జాకెట్టు కొలతల టేపు తీశాను బ్యాగులోంచి.
కార్డు ముప్పై సెంటీమీటర్లు.
ఇంట్లో పెట్టె లోపల ఇరవై ఏడు.
జాలి మూడు సెంటీమీటర్లు మిగిలిపోయింది.

చివరికి ఊళ్ళో షాపులోనే,
కొత్తది, పొట్టిది, ఒక్క ఫ్యానుది.
ఎనిమిది జీబీ. రెండొందల ఎనభై తొమ్మిది.
నాలుగొందల యాభై వాట్లతో సర్దుకుపోయే
గుట్టు సంసారం.

స్క్రూ ఒకటి మంచం కిందికి దొర్లింది.
అది దొరికేసరికి రాత్రి ఒంటిగంట.

వర్షం కురిసింది.
పది వేళ్ళ నించీ, ఆగకుండా, గొడుగు దాకా.

అక్కడితో పడుకోవాల్సింది.
పాత వీడియోలు కూడా తిప్పాను, కొత్త మోజు.
ప్రతి పాఠం చివరా,
కెమెరా ఆపడానికి లేచేముందు,
ఆవిడ చేతులు దుప్పటి మడిచినట్టు మడిచి
వేలు నా వైపు చూపిస్తున్నాయి.
ఏప్రిల్ నించీ ఉంది.
చెత్త అనుకుని ప్రతిసారీ కోసేశాను,
తెర తడబాటులో అది కనపడనే లేదు.

పొద్దున్నే అడిగాను.
"అది నువ్వు" అని రాశారు.
"వకుళాదేవి అని వేళ్ళతో పేర్చేసరికి
నా టీ చల్లారిపోతోంది.
దుప్పట్లు మడిచే పిల్ల. నీ పేరు."

పాఠంలోది కాదుగా, ఈసారీ కత్తిరించాను.
ముక్కని వేరే ఫోల్డర్లో దాచుకున్నాను.
రెండు సెకన్లు కూడా లేదు.
నలభై మూడు ఫ్రేములు.
లెక్కపెట్టాను, ఒక్కటీ జారలేదు.