వేలం పుస్తకం వెనకవైపు

కొండపి పోయే దారిలో మా పొగాకు బ్యారన్
పదకొండేళ్ళుగా ఏమీ కాల్చలేదు.
లైసెన్సు అమ్ముకున్నాం. అప్పు మాత్రం ఎవరూ కొనలేదు.

ఆకు అల్లిన కర్రలు వేలాడిన వెదుళ్ళకే
ఇప్పుడు వరిగడ్డి సంచులు కట్టాను.
సంచికి పన్నెండు కన్నాలు,
కన్నానికో తెల్లటి చెవి.
తెల్లారి తలుపు తీస్తే
గది మొత్తం నా అడుగులు వింటూ ఉంటుంది.

మామ మాలకొండయ్యకి పాత అలవాటు పోలేదు.
రాత్రి రెండింటికి లేచి, టార్చి వేసి,
గోడకున్న ధర్మామీటరు చూసొస్తాడు.
"డెబ్బై ఎనిమిదే ఉందమ్మాయ్, మంట ఎగదొయ్యనా?"
వద్దు మామా, వీటికి చలవ కావాలి,
చీకటి కావాలి, కిటికీకి తడిగోనె కావాలి అంటే
"కొత్తల్లుడి మర్యాదలన్నమాట" అని పోయి పడుకుంటాడు.

ఒంగోల్లో బుట్ట దించగానే ఒకటే ప్రశ్న:
కుక్కగొడుగులు కాదు గదా?
ఒకటి పచ్చిది నమిలి చూపిస్తాను.
అప్పుడు పావుకిలో అడుగుతారు.

శ్రావణంలో పచ్చబూజు పట్టింది, పదహారు సంచులు.
గుంట తీసి పూడ్చేముందు ఒక తునక దాచాను.
కందుకూరు కాలేజీ వాళ్ళు పాతసామాను కింద అమ్మేసిన
సూక్ష్మదర్శిని ఒకటుంది నా దగ్గర.
నన్ను ముంచినదాని ముఖం చూడాలనిపించింది.
చూస్తే ఏముంది,
కొమ్మకొమ్మకీ పచ్చపూసల గుత్తులు.
కోపం పెట్టుకోడానికి చోటే దొరకలేదు.

ఇవన్నీ రాసేది వేలం పుస్తకంలో.
ముందు వైపు మామ రాత:
బేలు నంబరు, బరువు, కిలో ధర,
ఎర్రసిరాతో "నో బిడ్", "నో బిడ్".
వెనక నుంచి నాది:
జొన్నకంకిలో కాటుక.
వరి ఎన్నులో మానిపండు, గింజ పసుపు రాసుకుంది.
తాటిమొద్దు మీద పిట్టగూడు లాంటిది,
లోపల గుడ్లు కూడా ఉన్నాయి, ఆవగింజలంత.
చచ్చిన చీమ మెడలోంచి ఒక్కటే కాడ, పేరు తెలీదు.
ఇంకో నలభై పేజీలుంటే
రెండు రాతలూ ఎదురుపడతాయి.

ఉరుములు ఆగిన మర్నాడు ఏకొల్లు పోలమ్మ వస్తుంది
కొంగులో పుట్టకొక్కులతో.
వాటిని నా సంచుల్లో మొలిపించాలని
మూడేళ్ళు తంటాలు పడ్డాను.
"అది చెదల సేద్యం కదమ్మా.
ఆకూ అలమూ నమిలి లోపల మడి కట్టుకుంటాయి.
మనం ఏరుకునేది వాటి గట్టుమీద పరిగె."
వేలు పెట్టి చూపించొద్దంటుంది, కుళ్ళిపోతాయట.
నేను గడ్డంతో చూపిస్తాను.
అన్నీ తెచ్చావా అనడిగితే,
"నాలుగు వదిలేసొచ్చా. వాటికీ ఇల్లు గడవాలిగా."

గడ్డి ఉడికించేది పాత బ్యారన్ పొయ్యి మీదే.
వారం ముసురు పట్టి మంట వెయ్యలేదు.
మొన్న బూడిద తోడబోయి మామ కేకేశాడు.
పొయ్యి నోట్లో నారింజరంగు చిప్పలు,
చొక్కాగుండీలంత, తడితడిగా, లెక్క తెగనన్ని.
కాలిన నేలనే వెతుక్కుని పుట్టే జాతి ఉందని
ఎక్కడో చదివాను.
అది చెప్పేలోపే
ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వంగి,
"నిప్పు మొలిచిందే!" అన్నాడు.

పుస్తకంలో పేరు దగ్గర అదే రాశాను.
బరువు, తూచలేదు.
ధర, అడగలేదు.
డ్రమ్ముకి చింతచెట్టు కింద మూడు రాళ్ళు పెట్టాం.

రాత్రి రెండింటికి మళ్ళీ లేచాడు.
ఈసారి టార్చి
పొయ్యి వైపు తిరిగింది.