గోళీ

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు.
కట్టినవాడు పోయి మూడొందల ఏళ్ళయిన ఇంటిని
కొని చూడమని మాత్రం
ఎవరూ అన్నట్టు లేదు.

మొదట చూసింది మే నెలలో.
డెవన్ కొండల మధ్య, రెండు కార్లు ఎదురుపడలేని దారి చివర
గడ్డికప్పు కింద తెల్లగా, ఉబ్బెత్తుగా
పెనం మీద పొంగిన రొట్టెలా ఉంది.
"ఇదే" అన్నాడు క్లెమెంట్, కారు దిగకముందే.
ఆ మాట వినపడేంత దగ్గరలోనే ఉన్నాడు
అమ్మేవాడు, ల్యూస్కోంబ్.
సగం బేరం అక్కడే పోయింది.

సర్వేకి తొమ్మిదొందల పౌండ్లు.
"ఆ డబ్బుతో రెండు కిటికీలొస్తాయి" అన్నాడు మా ఆయన.
"మూడొందల ఏళ్ళు నిలబడ్డది
మన ముప్ఫై ఏళ్ళకే కూలుతుందా?"
నేను బడిలో వంటమనిషిని, నూట నలభై మందికి.
గుడ్డుని నీళ్ళలో వేసి చూడందే
గిన్నెలో పగలగొట్టను.

టాంసిన్ ఎండకాట్ వచ్చింది జూన్‌లో, వానలో.
"వానలోనే రావాలి" అంది,
"ఎండలో ఏ ఇల్లయినా అందగత్తే."
నిచ్చెన, టార్చి, చిన్న సుత్తి,
పాము నాలుకలా రెండు ముళ్ళున్న తేమ మీటరు,
జేబులో ఒక గాజు గోళీ.

పుచ్చకాయ కొనేవాళ్ళలా గోడని తట్టింది.
చెవి ఆనించింది. ఇంకోచోట తట్టింది.
"లోపలంతా మట్టీ గడ్డీ.
మట్టిగోడకి నెత్తిన టోపీ, కాళ్ళకి జోళ్ళు ఉంటే చాలు
ఎన్నాళ్ళయినా బతుకుతుంది.
దీనికెవరో సిమెంటు రెయిన్‌కోటు తొడిగారు.
చెమట పోయే దారి లేదు."
మీటరు గుచ్చితే
ఎర్ర లైటు వెలిగి, ఇక ఆరలేదు.

అటక మీద దూలాలకి పురుగు తొలిచిన చిల్లులు.
"పాతవి. పురుగు ఎప్పుడో పోయింది."
ఆ ఒక్క మాటకే క్లెమెంట్ పెళ్ళికొడుకులా నవ్వాడు.
సెప్టిక్ ట్యాంకు మూత తీసి రంగునీళ్ళు పోసింది.
ఎక్కడ తేలాయా అని వెతుక్కుంటూ వెళ్తే
పక్కవాళ్ళ ఆపిల్ తోటలో, చిలకపచ్చగా.
ఆ చెట్లు ఎందుకంత విరగకాస్తాయో
నలభై ఏళ్ళకి తెలిసింది ఊరికి.

మేడగదిలో గోళీ వదిలింది.
అది ఒక్క క్షణం ఆలోచించలేదు,
గడియారం చప్పుడు చేసుకుంటూ
ఉత్తరపు మూలకి పరిగెత్తింది.
ఆ మూల వాల్‌పేపరు
గదిలో మిగతాదానికన్నా ఓ తరం చిన్నది.

గుమ్మంలో ల్యూస్కోంబ్, టోపీ చేతుల్లో నలుపుతూ.
టాంసిన్ పగులు మాట ఎత్తలేదు.
"పెద్దవానకి బక్కెట్లు ఎక్కడెక్కడ పెడతారు?" అంది
టీలో చక్కెర ఎంత అన్నట్టు.

ఆయన భుజాలు జారాయి.
"ఇక్కడొకటి. మెట్ల కింద రెండు.
నైరుతి గాలైతే వంటింట్లో పాలకాను.
మంచానికి ఈ పక్క కోళ్ళ కింద పలకరాళ్ళు.
లేకపోతే తెల్లారేసరికి మేబెల్ నా మీద ఉండేది."
చీకటిపడేదాకా గదిగదీ తిప్పి చూపించాడు,
తన దెబ్బలు తానే చూపించుకునే పిల్లాడిలా.
"ఎవరూ అడగలేదు" అన్నాడు చివరికి.
"వచ్చినవాళ్ళంతా కిటికీలోంచి కొండ చూసి పోయారు."

రిపోర్టు అరవై రెండు పేజీలు.
ఎర్రగళ్ళు ఏడు.
క్లెమెంట్ రాత్రంతా చదివి
కళ్ళజోడు తీసి, "నువ్వు చెప్పు" అన్నాడు.
ముప్ఫై ఎనిమిదివేలు తగ్గించమని రాశాను.
ల్యూస్కోంబ్ నలభై తగ్గించాడు.
పాలకాను వదిలేసి వెళ్తానని
కింద ఒక ముక్క.

సెప్టెంబరులో మొదటి దెబ్బకి
పళ్ళెమంత సిమెంటు పెచ్చు ఊడింది.
వెనక మట్టి, చల్లగా,
అందులో ఒక గడ్డిపోచ ఇంకా పసుపురంగులోనే.
ముట్టుకుంటే వేలికంటింది.
ఆరడానికి రెండు వేసవులు పడుతుందట.
ఆరుతుందని రాసిచ్చినవాళ్ళు లేరు.

గోళీ టాంసిన్ మర్చిపోయి వెళ్ళింది.
ఆ మూలలోనే ఉంది.
ఊడ్చేటప్పుడు నా చీపురు
దాన్ని తప్పుకుని పోతుంది.