తైస్తో బాకీ

కోట్కా రేవులో తైస్తో పేరెత్తితే
కాఫీ కప్పులు ఠక్కున కింద పెడతారు.
మా తమ్ముడి పడవ ఇంజను అరువు తీసుకెళ్లి
అమ్ముకుని తాగేసిన మనిషి.
పెళ్లి సగంలో వాద్యం భుజానేసుకుని
పెళ్లికూతురి అక్కతో ఉడాయించిన మనిషి.
నేనూ తిట్టాను, అందరికంటే ఓ మాట ఎక్కువే.

నవంబరు. మూడింటికే చీకటి.
చేపల షెడ్డు కడుగుతూ పైపు కట్టేశాను:
గోడ అవతల ఎవరిదో అకార్డియన్.
ముందు ఒక్క స్వరం, ఊపిరి పీల్చి,
చెప్పనా వద్దా అన్నట్టు ఆగి.
తర్వాత, మా అమ్మ తడి దుప్పట్లు పిండుతూ
లోలోపల పాడుకునేది ఒకటుండేది,
అది కాదు, దాని చెల్లెలు.

పొలుసుల చేతులతో అలాగే నిలబడ్డాను.
రబ్బరు బూట్లలో కాళ్లు కొంకర్లు పోయాయి.

చూద్దును కదా, ఉప్పు బస్తా మీద వాడే.
ఊడిన మీట స్థానంలో
చొక్కా గుండీ అతికించుకున్నాడు.
"ఇంజను డబ్బులిచ్చేస్తాను," తలెత్తకుండానే అన్నాడు.
ఇవ్వడు. ఇద్దరికీ తెలుసు.
"ముందు అది ముగించు" అన్నాను.

ఇంట్లో చెప్పలేదు.
తమ్ముడికి సాల్మన్ సూపు పోస్తుంటే
గరిటె ఆ లయకే గిన్నె అంచు తట్టింది.
వాడు తలెత్తి చూశాడు.
"జారింది" అన్నాను.