కింది వరుస కొక్కేలు

ఉమ్మడింట్లో తలుపు పక్కన
కోట్లు తగిలించే కొక్కేలు రెండు వరుసలు.
పై వరుస మాది.
కింది వరుస నా మోకాలికి జానెడు పైన.
డెబ్బై తొమ్మిదిలో ఆస్గర్ చేత్తో చెక్కాడు,
పిల్లలకి.
ఇప్పుడు అక్కడ వేలాడేవి
బిర్తే కుక్క గొలుసు,
ఎవరిదో తెలియని ఒంటి చేతి తొడుగు.

ఓర్హుస్‌కి ఉత్తరాన ఈ గాలి దిబ్బ మీదికి
పద్దెనిమిది కుటుంబాలం వచ్చినప్పుడు
అందరం ముప్ఫైకి అటూ ఇటూ.
కంచెలు ఉండాలా వద్దా అని
తెల్లారిందాకా కొట్లాడుకున్నాం.
ఒకేసారి చల్లిన చేను
ఒకేసారి ముదురుతుందని
ఇంతమంది టీచర్లం, ఇంజనీర్లం,
ఒక్కరికీ తట్టలేదు.

సూపు కుండ నలభై మందికి సరిపడేది.
ముందు ఒక్కరు ఎత్తేవారు.
తర్వాత ఇద్దరు.
తర్వాత ఇద్దరూ, పక్కన జాగ్రత్త చెప్పడానికి మూడో మనిషీ.
పోయిన శీతాకాలం చిన్న కుండ కొన్నాం.
ఆ రాత్రి భోజనాల దగ్గర
ఎవరూ ఆ మాట ఎత్తలేదు.
చూరు గొట్టాలు శుభ్రం చేసేవాళ్ళ జాబితాలో
ఒక్కో పేరు మీదా గీత పడుతూ వచ్చింది:
తుంటి, గుండె, కళ్ళు, మళ్ళీ తుంటి.

అక్టోబరులో ఆస్గర్ పోయాడు.
తొమ్మిదో నంబరు ఖాళీ.

వరుసలో ముందున్నది గూడ్రున్.
అరవై ఎనిమిదేళ్ళు.
పదకొండేళ్ళుగా ఏటా రెండు వందల క్రోనర్లు కట్టి,
ఏటా జూన్ మంట దగ్గరికి
రూబార్బ్ జాము సీసాతో వచ్చి,
వెళ్ళేటప్పుడు కుర్చీలు మడతపెట్టి వెళ్ళే మనిషి.
ఆమె వెనక ఐదుగురు, అందరూ అరవై దాటినవాళ్ళే.
ఏడో పేరు సిల్యే.
నర్సింగ్ చదువు సగంలో ఉంది,
ఆరేళ్ళ కూతురు, చంకలో పసివాడు.

మీటింగులో బిర్తే లేచింది.
"నాకు డెబ్బై ఏడు.
పిల్లలున్నవాళ్ళకే ఇల్లు అంటే
ఇవాళ నన్ను నేనే గేటు బయట నిలబెట్టుకోవాలి"
అంది. అని,
అవునంటూ చెయ్యి ఎత్తింది.
పద్నాలుగు చేతులు లేచాయి.
మూడు లేవలేదు.
హెన్నింగ్ నిద్రపోతున్నాడు.

ఈ ఏడు కార్యదర్శి వంతు నాది.
ఉత్తరం మూడుసార్లు రాసి చించాను.
'సమతూకం' అన్న మాట
ప్రతిసారీ ఎక్కడో ఒకచోట దూరుతోంది.
చివరికి ఫోన్ చేశాను.
గూడ్రున్ చాలాసేపు ఏమీ అనలేదు.
ఆమె వంటింట్లో రేడియో వాతావరణం చెబుతోంది.
"ఆ పిల్లలకి ఎన్నేళ్ళు?" అంది.
చెప్పాను.
"తొమ్మిదో నంబరు కిటికీ కింద రూబార్బ్ ఉంది,
నేను ఆస్గర్‌కి ఇచ్చిన దుంప.
ఈ ఏడు కోయొద్దని చెప్పండి,
ఇంకా వేరు పట్టలేదు."

ఆ కిటికీలోంచి ఆమె ఎన్నిసార్లు
బయటికి చూసుకుందో
నేను అడగలేదు.

మార్చిలో సిల్యే వచ్చింది.
పసివాడు రాత్రి రెండింటికి ఏడుస్తాడు.
మేం ఓటేసి తెచ్చుకున్న ఏడుపు.
మూడో వారానికే
నోటీసు బోర్డు మీద ఫిర్యాదు కాగితం కనిపించింది.
సంతకం లేదు గానీ
ఆ చేతిరాత నాకు నలభై ఐదేళ్ళుగా తెలుసు.
తీసి జేబులో పెట్టుకున్నాను.

పాప ఎలినోర్ వానలో తడిసి వచ్చింది.
నేను కింది వరుస చూపించాను,
నీకోసమే అని, కాస్త గర్వంగానే.
వంగి చూసింది.
"ఇవి చిన్నపిల్లలవి" అంది.
బెంచీ ఎక్కి, మునివేళ్ళ మీద లేచి
తన పసుప్పచ్చ రెయిన్‌కోటుని
నా కోటు మీదే తగిలించి పోయింది.

సాయంత్రం ఇంటికెళ్తుంటే
నా భుజం తడిగా ఉంది.
కింది వరుసలో
కుక్క గొలుసు అలాగే ఉంది.
జూన్‌కి ఇంకా పది వారాలు.
గూడ్రున్‌ని మంట దగ్గరికి పిలవాలి,
ఎలా పిలవాలో తెలియడం లేదు.