నీళ్లు తోడని బోరు

ఇసకపల్లికి రిగ్గు రాగానే
ముందు పిలకాయలొచ్చారు, వెనకే బిందెలొచ్చాయి.
"మోటారు ఎప్పుడు బిగిస్తారబ్బా?"
బిగించం అన్నాను.
"చేతిపంపన్నా?"
అదీ లేదు.
పోలేరమ్మ నన్ను ఎగాదిగా చూసి
"పాలియ్యని బర్రెని మేపినట్టుండాదే" అంది.

ఇది నీళ్లు తోడే బోరు కాదమ్మా,
నీళ్ల మాట వినే బోరు
అనబోయి నోరు మూసుకున్నాను.
ఎండలో రెండు బిందెలు మోసే మనిషితో
అట్టాంటి మాటలు మాట్లాడకూడదు.

పని మొదలెట్టే ముందు తలెత్తి చూశాను.
రొయ్యల గుంటలకు పోయే కరెంటు తీగ.
మాస్టు లేపితే తగిలేట్టుంది.
బండిని నలభై అడుగులు వెనక్కి తీయించాను.
పెంచలయ్య మెడలో తువ్వాలు తీయించాను.
తిరిగే రాడ్డుకు
తువ్వాలేదో మెడేదో తెలీదు.

మీటరుకో దోసెడు మట్టి
పట్టా మీద వరసగా కుప్పలు పోశాం.
పచ్చ ఇసుక, తడి ఇసుక,
గుల్లలు కలిసిన బూడిదరంగు ఇసుక.
పద్నాలుగో కుప్ప నల్లబంక.
వేళ్లకంటుకుని వదల్లేదు.

దాని పైన ఉప్పు, దాని కింద తీపి.
మూడు మీటర్ల బంకమన్ను
ఇన్నాళ్లూ ఆ రెంటినీ కలవనియ్యలేదు.
ఇప్పుడు దానికి చిల్లు పెట్టింది నేను.

పైపు దిగింది.
అడుగున చీలికల గొట్టం, చుట్టూ కడిగిన గులకరాయి.
ఇక చిల్లు మూయాలి,
నీళ్లు తగిలితే ఉబ్బి బిగిసే బెంటొనైట్ గుళికలతో.
కాంట్రాక్టరు మాలకొండయ్య వాచీ చూసుకున్నాడు.
"రెండు గమేళాలు మట్టి పోసి కానియ్యి.
నేల లోపల ఎవడు చూడొచ్చాడు?"

ఎవడు చూడొచ్చాడు.
ఆరేళ్ల కిందట ఇంకో ఊళ్లో, పేరు చెప్పను,
ఆ రెండు గమేళాలు పోసింది నేనే.
ఏడాది తిరక్కుండా
పైపు బయటి అంచు పట్టుకుని
ఉప్పు చప్పుడు లేకుండా కిందికి నడిచింది.
పక్కింటి పంపు నీళ్లలో కందిపప్పు ఉడకలేదు.
సాక్ష్యం చెప్పమని నిలబెట్టిన బోరే
దొంగకు తలుపు తీసింది.
నా పుస్తకంలో మాత్రం
రీడింగులన్నీ పొందిగ్గా ఉన్నాయి.

"పిడికెడు పిడికెడు వదలరా" అన్నాను.
పెంచలయ్యకు ఆకలి. బస్తా వంచేశాడు.
బరువు కట్టి టేపు వదిలితే
పదిహేడు దాకా దిగాల్సింది, తొమ్మిది దగ్గరే ఆగింది.
గుళికలు దారిలోనే ఉబ్బి వంతెన కట్టాయి,
కింద అంతా ఖాళీ.
పైనుంచి చూస్తే నిండినట్టే ఉంది.
అదే భయం.

కడిగాం. మళ్లీ పోశాం. మళ్లీ కొలిచాం.
మాలకొండయ్య డీజిలు లెక్క చెప్పి చెప్పి వెళ్లిపోయాడు.
చీకటిపడ్డాక పోలేరమ్మ
బ్యాటరీ లైటు తెచ్చి మట్టి కుప్పల మీద వేసింది.
నల్లబంక దగ్గర కూర్చుంది.
చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపింది.
"మా నాయన బాయి తవ్వినప్పుడు
ఇది అగపడంగానే ఆపేశాడు.
అప్పట్లో తీపి దీనిపైనే ఉండేది సామీ.
రొయ్యలొచ్చినాక కిందికి పోయి దాక్కుంది."

నాలుగేళ్ల చదువు, పదకొండేళ్ల సర్వీసు.
ఆ ముక్క నా రిపోర్టులో ఎక్కడా లేదు.
అక్కడికక్కడే రాసుకున్నాను, ఆమె పేరుతో సహా.

మూడోరోజు నీళ్లు తేటపడేదాకా తోడి పారబోశాం.
బిందెలు చూస్తూ నిలబడ్డాయి.
ఆ పూట తలెత్తలేకపోయాను.
చుట్టూ వాలుగా సిమెంటు దిమ్మె,
పిలకాయలు రాళ్లేసి చప్పుడు వినకుండా
ఇనప మూత, దానికో తాళం.

టేపు దించాను. లోపల కుయ్యిమంది.
"ఏమంటా ఉండాది?" అంది పోలేరమ్మ.
నాలుగు మీటర్ల డెబ్భై.
"అంటే మంచిదా, చెడ్డదా?"
తెలీదమ్మా.
వచ్చే నెల మళ్లీ అడగాలి.