కొమ్ము రజను

నూట ఎనభై ఏడో కొంగ మెడ దగ్గర
ఆగిపోయాను.
ఏమీ విరగలేదు. వేలు తెగలేదు.
కుంపట్లో నిప్పు సరిగ్గానే ఉంది,
కొబ్బరినూనె రాసిన కొమ్ము మెత్తబడి
వంచమని అడుగుతోంది కూడా.
చల్లారేలోగా, పది లెక్కపెట్టేలోగా
వంచెయ్యాలి.
నేను ఇరవై దాకా లెక్కపెట్టాను.

మూడు వందల కొంగలు,
భువనేశ్వరం కొట్టువాడికి, దసరా లోపల.
అడ్వాన్సుతో ఇంటికి రేకులు మార్పించాను.
వాన పడితే ఇప్పుడు చప్పుడెక్కువ.

ఇది ఇష్టంలేని పనైతే
తిట్టుకోడానికి ఏదో ఒకటి దొరికేది.
పద్నాలుగేళ్లప్పుడు బడి ఎగ్గొట్టి
పర్లాకిమిడిలో నీలాంబర మహారణా వసారాలో కూర్చుని,
ఆయన చేతిలో దున్నపోతు కొమ్ము
రొయ్యమీసమై సాగుతుంటే
ఆకలి మర్చిపోయినవాణ్ణి.
ఆయన ఒడియాలో తిడితే తెలుగులో ఏడ్చి
తెల్లారి మళ్లీ ఆ కుంపటి ఊదినవాణ్ణి.
ఎవరూ నన్ను ఇందులోకి తొయ్యలేదు.
మరి ఎవరి మీద అలగను?

పాతపట్నం డాక్టరు నాలిక చూసి
రక్తం తక్కువన్నాడు, ఎర్ర మాత్రలు రాశాడు.
మా దమయంతి దిష్టి తీసింది.
ఎదురింటి జగ్గారావు
"నాలుగు రోజులు ఎక్కడికైనా ఎల్లి రా బావూ" అన్నాడు.
గుణుపురం రైలెక్కాను.
కాశీనగరం దాటాక, వరిమడిలో
ఒంటికాలి మీద ఒక కొంగ. నిజంది.
దాని మెడ వంపులో
ఆకురాయి గీతల కోసం వెతికాను.
కాలు మరీ సన్నం,
పార్సిల్లో విరుగుతుంది అనుకున్నాను.
తర్వాతి స్టేషన్లో దిగి
వచ్చే బండికి వెనక్కి వచ్చేశాను.

నిద్ర పడుతుంది. అన్నం సయిస్తుంది.
చేతులు కూడా బాగానే ఉన్నాయి.
పొద్దున్నే వెళ్లి కూర్చుంటాయి అవి
పనిముట్ల ముందు,
బాకీ అడగడానికి వచ్చినవాడు
కుర్చీ అంచున కూర్చున్నట్టు.

కొమ్ముకి వేడెక్కువైతే ఏమవుతుందో
మా వీధిలో పసిపిల్లలకీ తెలుసు.
మంట లేవదు, పెద్ద పొగ రాదు.
జుట్టు కాలిన వాసన ఒకటి సన్నగా వస్తుంది,
లోపల పొర పొరని వదిలేస్తుంది.
పైన నునుపు అలాగే ఉంటుంది,
మెరుగు పెట్టేదాకా బయటపడదు.
అలాంటిదాన్ని మహారణా ఎప్పుడూ పారెయ్యలేదు.
గుమ్మం పక్క వెదురుబుట్టలో వేసేవాడు.
ఎందుకో అడగలేదు.
అడగాలనిపించేసరికి ఆయన లేడు,
బుట్ట మాత్రం నా కొట్లోకి వచ్చింది.

ఈ సాయంత్రం దమయంతి చేట పట్టుకుని వచ్చింది.
నా కాళ్లచుట్టూ రాలిన రజను ఊడ్చి
పెరట్లో ఆనపపాదు మొదట్లో పోస్తుంది,
పద్దెనిమిదేళ్లుగా.
నేల చూసింది. నన్ను చూళ్లేదు.
"రజను లేదేటి? పాదు పిందెల్ని రాల్చేస్తంది" అంది.
చేట గోడకి ఆనించి వెళ్లిపోయింది.

నేను చేసిన కొంగలు
ఏ ఊళ్లలో, ఎవరి అద్దాల బీరువాల్లో
దుమ్ము పట్టి నిలబడ్డాయో నాకు తెలీదు.
ఆనపకాయలు మాత్రం నేను తిన్నాను.

బుట్టలోంచి పొరలు విడిన కొమ్మొకటి తీశాను.
ముతక ఆకురాయి పట్టాను.
కొంగ కాదు. రొయ్య కాదు. దువ్వెనా కాదు.
ఊరికే రాస్తున్నాను.
ముందు నల్లది రాలింది,
తర్వాత బూడిదరంగుది,
చివర్లో, ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆగి చూడని
తేనెరంగుది కొంచెం.

నూట ఎనభై ఏడోది అక్కడే ఉంది, మెడ వంగకుండా.
దానివైపు చూడలేదు.
చూడకుండా ఉండటానికి
ఇవాళ పెద్దగా కష్టపడనూ లేదు.

గుప్పెడైంది.
చీకటి పడుతోంది, దీపం వెయ్యాలి.
పాదు పెద్దది,
ఇంకో గుప్పెడు పడుతుంది.