మూడు రివెట్లు

కలాసిపాళ్యం స్టేషన్ వెనక
సీజు చేసిన ఆటోలు తుప్పుపట్టే ఖాళీ జాగాలో
టార్పాలిన్ పరిచి
దాని మీద పోసినారు ఇనుము.
కోసేదానికి నన్ను పిలిపించినారు.
కిలోకు పద్దెనిమిది రూపాయలు, గ్యాసు ఖర్చు నాదే.

వారం దినాలు జీపు మైకులో అరిచినారు
కన్నడంలో, అరవంలో, ఉర్దూలో, చివరాఖరికి మన తెలుగులో.
ఇంట్లో ఉండేది తెచ్చియ్యండి,
పేరు అడగం, కేసు పెట్టం,
తుపాకికి ఐదు వేలు, కత్తికి ఐదు నూర్లు.
తెలుగు చదివినోనికి ఆయుధం అని నోరు తిరగక
ఆయిదం అన్న్యాడు.
మా కదిరిలో మా జేజి అట్లే అనేది.
ఆ ఒక్క తప్పుకే ఆ మైకును కొంచెం నమ్మినా.

వచ్చినవి చెప్తా.
మడికేరి నుంచి ఎప్పుడో దిగిన గొట్టం తుపాకి,
గొట్టం నిండా సాలెగూడు.
నాటకాల కంపెనీ రేకు కత్తి ఒకటి,
వంచితే వంగుతుంది, వదిలితే వంకరగానే ఉంటుంది.
కానిస్టేబుల్ బోరేగౌడ నవ్వకుండా
"కత్తి, ఒకటి" అని రాసుకున్నాడు.
నీళ్ల పైపుతో చేసిన పిస్తోలు ఒకటి,
తలుపు గడియ స్ప్రింగు, బండి స్పోకు.
వెల్డింగు వాసన ఇంకా పోలేదు, నిన్న పుట్టింది అది.
పేలదు. పేలితే పట్టుకున్నోని వేళ్లే పోతాయి.
ఐదు వేలు ఇచ్చినారు.
మర్నాడు అదే పిల్లోడు ఇంకా రెండు తెచ్చినాడు.

ఇన్‌స్పెక్టర్ నింగప్పకు తెలీదా? తెలుసు.
సాయంత్రం పేపరోళ్లు వస్తారు,
టేబులు నిండుగా కనపడల్ల.

రానివి కూడా చెప్పల్ల కదా.
మార్కెట్ ఫ్లైఓవర్ కింద
రోజువడ్డీ వసూలుకు తిరిగే ఆ నలుగురి బండ్లలో
సీటు కింద ఉండేది సీటు కిందనే ఉంది.
వాళ్లలో ఒకడు గేటు కాడ టీ తాగుతా
"బాగా కోస్తాండావు అన్నా" అని మెచ్చుకుని పోయినాడు.

మధ్యాహ్నం కుప్పలో చెయ్యి పెడితే
తగిలింది ఒక లాంగు.
లారీ కమాను పట్టీ, రెండున్నర అడుగులు.
పిడికి మూడు రివెట్లు.

ఈ ఊర్లో అందరూ రెండే కొడతారు.
మూడోది మా నాయన నేర్పింది.
పిడి ఊడితే పని చేసేటోని చెయ్యి తెగుతుంది, నబీ,
ఎవరికి చేసినా మూడు కొట్టు, అనేవాడు.
ఎవడో వచ్చి, ఎళనీరు కొట్టేదానికి, అన్న్యాడు.
రెండున్నర అడుగుల కత్తి అడిగే టెంకాయ
ఏ చెట్టుకు కాస్తుందని నేను అడగలే.
ఆ నెల షాపు బాడుగ కట్టల్ల.

ఎవరు తెచ్చినారు, అని బోరేగౌడను అడిగినా.
పేరు రాయలే, అని గడ్డంతో చూపించినాడు.
కాంపౌండు గోడ నీడన ఒకామె,
ఒళ్లో మడిచి పెట్టుకున్న దిండు గలీబు.
దాంట్లో చుట్టి తెచ్చిందంట.
డబ్బులు వద్దనిందంట.
కోసేది చూసి పోతాననిందంట.
పొద్దున్నుంచి అక్కడే.

మంట ముట్టించినా.
నల్ల అద్దాల వెనక నా కండ్లు ఎవరికీ కనపడవు,
అది మేలయింది.
ముందు పిడి. ఒకటో రివెట్టు, రెండోది.
మూడోది మొండికేసింది,
అంత గట్టిగా కొట్టినా ఆ దినం.

నాలుగు ముక్కలు అయినాక ఆమె లేచి వచ్చి
వంగి చూసింది, తాకలే.
"నాయినా, ఇట్లాంటిది ఇంకోటి చెయ్యల్లంటే
ఎన్ని దినాలు పడుతుంది?"

ఒక పూట.
పట్టీ దొరికితే అన్నం తినేలోపల.

"నెల" అన్న్యా.

నెలా, అని తనలో తను అనుకుని
వేళ్ల మీద ఏందో లెక్క పెట్టుకుని
సరేలే అన్నట్టు తల ఊపింది.
దిండు గలీబు ఒకసారి దులిపి
బస్టాండు పక్కకు నడిచింది.

ఆ నాలుగు ముక్కలూ నేను కాటా మీద పెట్టలే.